తెగిన చేతికి కూలి లెక్క

2021 ఫిబ్రవరిలో మా చిన్నమ్మ కుడి చెయ్యి మణికట్టు దాకా మినుము నూర్పిడి మిషన్‌లో తెగిపోయింది. ఆమె ఇంకా ఆస్పత్రి మంచం మీద ఉండగానే, నాలుగో రోజు సాయంత్రం ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని ఆ చేతికి ధర కట్టారు. అరవై వేల రూపాయలు. అప్పటికే ఆసామి ఆస్పత్రిలో కట్టిన ఇరవై రెండు వేలు అందులోంచే మినహాయించాలని, మిగిలింది రెండు పంటల మీద ఇవ్వాలని తీర్మానం. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నారు. కేసు పెట్టబోమని, ఇకమీదట ఏమీ అడగబోమని అందులో ఒక వాక్యం ఉంది. కుడి చెయ్యి లేదు గనుక ఆమె చేత ఎడమ బొటనవేలి ముద్ర వేయించారు.

ఆ పంచాయితీలో నేనూ ఉన్నాను. డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెప్పుకునే నేను ఆ పూట నోరు మెదపలేదు. మా చిన్నాన్న చేతులు కట్టుకుని నిలబడి, "మీ దయ, బాబుగారూ" అన్నాడు. పెద్దమనుషుల్లో ఒకరు, "మేమేం కాదన్నామా? మా చేతనైన సాయం చేస్తున్నాంగా" అన్నారు. దయ, సాయం అన్న ఈ రెండు మాటలు నన్ను చాలా కాలం వెంటాడాయి. అక్కడ వినబడని మాట ఒకటుంది. అది పరిహారం. ఆ మాట ఎందుకు వినబడలేదో, అది మా వాడ దాకా రాకుండా ఎవరు అడ్డుపడ్డారో చెప్పడానికే ఈ వ్యాసం.

మా చిన్నమ్మ కేసు ఒక కుటుంబం కథగా మిగిలిపోయేదయితే దాన్ని పత్రికకెక్కించవలసిన పని లేదు. మా ప్రాంతంలో వరి కోతలయ్యాక మినుము వస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ట్రాక్టరుకు తగిలించిన నూర్పిడి మిషన్లు కళ్లాల వెంట తిరుగుతాయి. మిషన్ ఒకరిది, ట్రాక్టరు నడిపేది ఒకరు, పంట ఇంకొకరిది. తిరిగే డ్రమ్ము నోటికి మినుము కట్టలు అందించేది మాత్రం ఎస్సీ కాలనీ ఆడవాళ్లు. ఈ అమరికను ఎవరూ కాగితం మీద రాయలేదు. అయినా ఏటా అదే అమరిక. యంత్రం వచ్చాక వ్యవసాయంలో కులం పలచబడుతుందని మన అర్థశాస్త్రవేత్తలు కొందరు ఆశపడ్డారు. మా ఊళ్లో జరిగింది వేరు. యంత్రం చుట్టూ కూడా కులం తన చోట్లు తాను చూసుకుని కూర్చుంది. స్టీరింగు దగ్గర ఒక కులం, డ్రమ్ము నోటి దగ్గర ఇంకొక కులం.

పొలం పనికి వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత పొడుగు చేతుల చొక్కా వేసుకుంటారని పల్లె తెలిసిన వారందరికీ తెలుసు. ఎండ నుంచి, నూగు నుంచి కాపాడేది అదే. ఆ రోజు చొక్కా చెయ్యి అంచు డ్రమ్ముకు చిక్కింది. కట్టలు అందించే చోట ఉండవలసిన మూత లేదు. పని జోరుగా సాగదని ఆ సీజను మొదట్లోనే దాన్ని విప్పి పక్కన పడేశారు. పంచాయితీలో ఆ మూత గురించి ఒక్కరూ మాట్లాడలేదు. "చొక్కా చేతులు పైకి మడుచుకుని ఉంటే ఇంత జరిగేదా?" అని మాత్రం ముగ్గురు నలుగురు అన్నారు. తప్పు ఆమె ఒంటి మీదికి వచ్చి చేరింది.

చట్టం ఏమంటోంది

ఆ తరువాత ఏడాదిన్నరకు కార్మిక చట్టాలు తెలిసిన ఒక న్యాయవాది మిత్రుని వద్ద కూర్చుని నేను తెలుసుకున్న సంగతులు ఇవి. విద్యార్థులకు పనికొస్తాయని వివరంగానే రాస్తున్నాను.

పనిలో గాయపడిన వారికి పరిహారం ఇచ్చే చట్టం మన దేశంలో 1923 నుంచి ఉంది. అప్పట్లో దాని పేరు కార్మికుల నష్టపరిహార చట్టం. 2009 సవరణతో ఉద్యోగుల పరిహార చట్టమయింది. 2025 నవంబరు 21న సామాజిక భద్రత స్మృతి అమల్లోకి వచ్చి ఆ చట్టాన్ని తనలో కలుపుకుంది. మా చిన్నమ్మ ప్రమాదం నాటికి 1923 చట్టమే ఉంది గనుక ఆమె కేసు దాని కిందనే నడిచింది.

ఈ చట్టంలో మొదటి మంచి గుణం, అది తప్పెవరిదని అడగదు. ప్రమాదం పని వల్ల, పని చేస్తుండగా జరిగిందా అన్నదే ప్రశ్న. జరిగితే యజమాని బాధ్యుడు. కూలి మనిషి ఏమరుపాటుగా ఉందన్న వాదనకు అక్కడ విలువ లేదు. అంటే మా పెద్దమనుషులు గంటసేపు చర్చించిన చొక్కా చేతుల సంగతి చట్టం దృష్టిలో ప్రశ్నే కాదు.

రెండోది, ఇది ఫ్యాక్టరీలకే పరిమితమని చాలామంది అనుకుంటారు. ట్రాక్టర్లతో గానీ, విద్యుత్తుతో లేదా ఇతర యాంత్రిక శక్తితో నడిచే సాధనాలతో గానీ చేసే వ్యవసాయంలో పనిచేసేవారు కూడా చట్టం రెండో షెడ్యూలులో ఉన్నారు. అడపాదడపా వచ్చే కూలీలకు వర్తించదన్న మినహాయింపును 2000 నాటి సవరణ తొలగించింది. మధ్యలో మేస్త్రీ ఉన్నా అసలు పని ఎవరిదో వారు బాధ్యత నుంచి తప్పుకోలేరని పన్నెండో సెక్షను చెబుతుంది. మేస్త్రీకి ఇచ్చింది తరువాత వారిద్దరూ తేల్చుకోవలసిందే.

మూడోది, స్టాంపు కాగితం సంగతి. పరిహారం హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చే ఏ ఒప్పందమూ చెల్లదని పదిహేడో సెక్షను అంటుంది. ఎనిమిదో సెక్షను మరీ స్పష్టం. మహిళకు ఏకమొత్తంగా ఇవ్వవలసిన పరిహారాన్ని కమిషనర్ వద్ద జమ చేయాలి. యజమాని నేరుగా ఆమె చేతికిచ్చిన డబ్బు పరిహారం చెల్లించినట్టు కాదు. చదువు లేని ఆడమనిషి చేత నాలుగు గోడల మధ్య వేలిముద్ర వేయిస్తారని వందేళ్ల కిందట ఈ చట్టం రాసిన వారికి తెలుసన్నమాట. మా ఊరి పంచాయితీకి తెలియలేదు. తెలిసినా ఒప్పుకోలేదు.

నాలుగోది, ఆస్పత్రి ఖర్చు పరిహారంలో భాగం కాదు. వైద్యానికి అయిన అసలు ఖర్చును యజమాని విడిగా చెల్లించాలని 2009 సవరణ చేర్చింది. పరిహారం ప్రమాదం జరిగిన నెల రోజుల్లో చెల్లించకపోతే 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే మొత్తంలో సగం దాకా జరిమానా.

వీటికి తోడు 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. వ్యవసాయంలో వాడే పవర్ నూర్పిడి మిషన్లే దాని గురి. వాటి తయారీకి, అమ్మకానికి, వాడకానికి షరతులు పెట్టి, అవయవం తెగినవారికి పరిహారం కూడా అందులో పెట్టారు. చేతులు తెగుతున్నాయని గుర్తించి, ఆ ఒక్క యంత్రం కోసమే ఒక చట్టం చేసిన దేశం మనది. ఆ చట్టం పేరు మా ఊళ్లో మిషన్ యజమానికి గానీ, ఠాణాలో గానీ, తహసీల్దారు కార్యాలయంలో గానీ నేను అడిగిన ఒక్కరికీ తెలియదు.

అయితే ఇన్ని చట్టాలుండగా అరవై వేలకు రాజీ ఎలా కుదిరింది? చట్టానికీ బాధితురాలికీ మధ్య నిలబడి ఉన్నది కులం గనుక కుదిరింది. ఈ మాట నినాదంగా అనడం లేదు. అది ఎక్కడెక్కడ నిలబడిందో ఒక్కొక్కటిగా చూపగలను.

కాగితం పుట్టకముందే

చిన్నమ్మను ఆస్పత్రికి తీసుకువెళ్లింది ఆసామి మనుషులే. రక్తం కారుతుంటే ట్రాక్టరు ట్రక్కులో వేసుకుని పరుగెత్తారు. ఆ మానవత్వాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆస్పత్రిలో వివరాలు చెప్పినవారూ వారే. గాయం ఎలా అయిందన్న చోట "ఇంటి వద్ద ప్రమాదవశాత్తు" అని రాయించారు. మిషన్ పేరు లేదు, కూలి పేరు లేదు, పొలం పేరు లేదు. పోలీసు ఠాణాకు కబురు వెళ్లినా, ఫిర్యాదు లేదని కాగితం పక్కన పెట్టారు. యంత్రం విషయంలో నిర్లక్ష్యంగా ప్రవర్తించడం, ప్రాణాపాయం కలిగించే పనితో తీవ్రంగా గాయపరచడం అప్పటి భారత శిక్షాస్మృతిలో 287, 338 సెక్షన్ల కింద నేరాలు. ఎఫ్‌ఐఆర్ నమోదై ఉంటే ప్రమాదం జరిగిన చోటు, మిషన్ స్థితి, మూత లేని సంగతి అన్నీ మొదటి వారంలోనే రికార్డుకెక్కేవి. ఎక్కలేదు. పరిహారం కేసు సగం అక్కడే ఓడిపోతుంది.

వ్యవసాయ కూలీకి హాజరు పట్టీ ఉండదు, జీతం చీటీ ఉండదు. తాను ఫలానా రోజు ఫలానా వారి కళ్లంలో పనిచేశానని చెప్పడానికి ఉండే సాక్ష్యం తోటి కూలీలే. మా కేసులో దరఖాస్తు వేసే గడువు రెండేళ్లు. అది ఇంకో నెలలో ముగుస్తుందనగా 2023 జనవరిలో కార్మిక శాఖ అధికారి ముందు దాఖలు చేశాం. ఆయనే ఈ చట్టం కింద కమిషనర్. ఆసామి తరఫు జవాబులో మొదటి వాక్యం, ఆమె తమ వద్ద ఎన్నడూ పని చేయలేదని. రెండో వాక్యం, చేసినా మేస్త్రీ మనిషి అని. అరవై వేల రాజీ కాగితం గురించి ప్రస్తావన లేదు. దాన్ని చూపిస్తే పని చేసిందని ఒప్పుకున్నట్టే గదా. ఆ కాగితం మా దగ్గర నకలు కూడా లేదు.

ఆ రోజు కళ్లంలో పదకొండు మంది ఆడవాళ్లున్నారు. అందరూ మా వాడవారే, వరసకు అత్తలో వదినలో. ఒక్కొక్కరి గడపకూ వెళ్లి అడిగాను. "మాకు తెలవదా అబ్బాయ్? కానీ రేపు కూలికి పిలవరు" అన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. సొంత సెంటు భూమి లేని వాడలో ఊరంతటితో విరోధం తెచ్చుకోవడమంటే పొయ్యిలో పిల్లి పడుకోవడమే. చివరికి ఒకామె వచ్చింది. చిన్నమ్మ పక్కన నిలబడి కట్టలు అందించిన మనిషి. అధికారి ముందు నిలబడి, మూత లేదని, చొక్కా చెయ్యి చిక్కిందని, ట్రాక్టరు ఆపమని తానే అరిచానని చెప్పింది. ఆ తరువాత రెండు సీజన్లు ఆమెను మా ఊళ్లో ఎవరూ పనికి పిలవలేదు. పక్క మండలానికి ఆటోలో వెళ్లి కూలి చేసుకుంది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమెకు ఇంకా ఈ ఊళ్లోనే బతుకు.

కులం చట్టాన్ని ఇలా అడ్డుకుంటుంది. అది చట్టాన్ని ఎదిరించదు. చట్టానికి కావలసిన కాగితం పుట్టకుండా, సాక్షి నోరు విప్పకుండా చూస్తుంది. ఎదుటివారికి పెద్ద కుట్ర కూడా అవసరం లేదు. కూలికి పిలవడం, పిలవకపోవడం వారి చేతుల్లో ఉంటే చాలు. ప్రమాదం గురించి ఇక్కడ ఇంకొక మాట కూడా చెప్పాలి. కులం పేరు పెట్టి తిడితే, కొడితే దానికి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. కులం కారణంగా డ్రమ్ము నోటి దగ్గర నిలబెడితే దానికి పేరు లేదు. తెగిన చేతిని అందరూ విధి ఖాతాలో రాస్తారు.

కూలి తక్కువైతే చెయ్యి చవకా?

ఇక లెక్క. అర్థశాస్త్రం చెప్పేవాడిగా నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే. పరిహారం లెక్కించే సూత్రం చూడటానికి నిష్పక్షపాతంగా కనిపిస్తుంది. నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి షెడ్యూలులో ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. నలభై ఏళ్లకు ఆ గుణకం 184.17. వచ్చిన మొత్తంలో సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో అంత ఇవ్వాలి. ఒక చెయ్యి మణికట్టు వద్ద పోతే షెడ్యూలు ప్రకారం 60 శాతం నష్టం.

చిన్నమ్మకు ప్రమాదం నాటికి నలభై ఏళ్లు. ఆ సీజనులో మా ఊళ్లో ఆడమనిషి కూలి 300, మగమనిషి కూలి 500. నెలకు 26 పనిదినాలు లెక్కిస్తే ఆమె వేతనం 7,800 రూపాయలు. సూత్రం ప్రకారం ఆమె చేతికి 5,17,149 రూపాయలు వస్తాయి. అదే కళ్లంలో, అదే మిషన్‌లో, అదే వయసు మగవాడి చెయ్యి తెగి ఉంటే 8,61,915. చట్టం లెక్కలోకి తీసుకునే గరిష్ఠ వేతనం 2020 జనవరి నుంచి నెలకు 15,000. ఆ జీతం ఉన్న మనిషి చేతికయితే 9,94,518. చెయ్యి అదే, గుణకం అదే, నష్టం శాతం అదే. మారింది కూలి ఒక్కటే.

మరి ఆ కూలి ఎవరు నిర్ణయించారు? ఏ మార్కెట్టు నిర్ణయించింది? ఒకే కట్టను ఒకే డ్రమ్ముకు అందించినందుకు ఆడవారికి 300, మగవారికి 500 ఇవ్వడం చట్టవిరుద్ధమని 1976 నాటి సమాన వేతన చట్టం చెప్పింది. భూమి లేకపోవడం, వేరే పనికి వెళ్లే దారి లేకపోవడం, వాడలో పుట్టడం, ఆడమనిషిగా పుట్టడం అన్నీ కలిసి ఆ 300 అయ్యాయి. కులం పనులనే గాక పనిచేసే మనుషులను కూడా మెట్ల మీద పేర్చిందని అంబేడ్కర్ 1936లోనే విశదంగా చూపారు. ఆ మెట్ల మీద పుట్టిన కూలిని తీసుకుని దాని ఆధారంగా పరిహారం లెక్కిస్తే, బతికినంత కాలం జరిగిన అన్యాయాన్ని ప్రమాదం తరువాత మరోసారి గుణకంతో హెచ్చించినట్టే. ఏ న్యాయమూర్తికీ దురుద్దేశం అక్కర్లేదు. లెక్క సరిగ్గా చేస్తే చాలు, కులం దానంతట అదే మొత్తంలోకి వచ్చి చేరుతుంది.

60 శాతం అన్న అంకె కూడా ఆలోచించవలసిందే. కుడి చెయ్యి లేని గుమాస్తా ఎడమ చేతితో రాయడం నేర్చుకోగలడు. కుడి చెయ్యి లేని వ్యవసాయ కూలి నాటు వేయలేదు, కోత కోయలేదు, కట్ట ఎత్తలేదు. మిగిలిన 40 శాతం సంపాదన శక్తి ఏ పనిలో ఉందో చూపగలవారు లేరు. సుప్రీంకోర్టు ఈ సంగతి 1975లోనే గ్రహించింది. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో ఎడమ చెయ్యి కోల్పోయిన ఒక వడ్రంగి విషయంలో, ఒంటి చేతితో వడ్రంగం సాధ్యం కాదు గనుక అది నూరు శాతం నష్టమేనని తీర్పునిచ్చింది. శరీరానికి కలిగిన వైకల్యం వేరు, సంపాదనకు కలిగిన నష్టం వేరు అని 2010లో రాజ్‌కుమార్ కేసులో మళ్లీ విడమరిచింది. మన సదరం సర్టిఫికెట్టు మీద ఉండే శాతం మొదటిదాన్ని మాత్రమే చెబుతుంది. చాలామంది బాధితులు, వారి వకీళ్లు కూడా, ఆ సర్టిఫికెట్టు శాతమే పరిహారం శాతమనుకుని అక్కడే ఆగిపోతారు. మేము 1975 తీర్పును చూపి నూరు శాతం అడిగాం. ఉత్తర్వులో షెడ్యూలు ప్రకారం 60 శాతమే వచ్చింది.

లెక్క మారగలదు

వేతనంతో ముడిపడని పరిహారం సాధ్యమేనా అని నా విద్యార్థులు అడుగుతుంటారు. సాధ్యమేనని మన దేశమే చూపింది. మురుగు కాల్వల్లో దిగి మరణించిన వారి కుటుంబాలకు పది లక్షల చొప్పున ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న ఆదేశించింది. 2023 అక్టోబరు 20న బల్‌రామ్ సింగ్ కేసులో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యంతో సంపాదన కోల్పోయిన వారికి ఇరవై లక్షలకు తగ్గరాదని, ఇతర వైకల్యాలకు పది లక్షలకు తగ్గరాదని చెప్పింది. ఆ మనిషి రోజు కూలి ఎంత అని అక్కడ ఎవరూ అడగరు. ఆ పని ఏ కులాల నెత్తిన పడిందో, ఎందుకు పడిందో కోర్టుకు తెలుసు. అందుకే కూలి పక్కన పెట్టి మనిషికి విలువ కట్టింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనల్లోనూ అదే పద్ధతి. 2016 సవరణ ప్రకారం నూరు శాతం వైకల్యానికి 8.25 లక్షలు. కూలిని బట్టి అది పెరగదు, తరగదు.

విద్యుత్ తీగలు తగిలి రెండు చేతులు, ఒక కాలు కోల్పోయిన హర్యానా బాలుని కేసు ఇంకొకటి. హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఇచ్చిన అరవై లక్షలను ద్విసభ్య ధర్మాసనం తగ్గిస్తే, 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. పసివాడికి కూలి లేదు, జీతం లేదు. అయినా ముందున్న జీవితమంతటినీ కోర్టు చూడగలిగింది. వాడలోని కూలి మనిషి విషయంలో మాత్రం నిన్నటి కూలి దగ్గరే చూపు ఎందుకు ఆగిపోవాలి?

ఇక్కడ న్యాయమైన ఒక అభ్యంతరం ఉంది. మినుము వేసే వారందరూ భూస్వాములు కారు. కౌలు రైతులున్నారు, వారిలో వెనుకబడిన కులాల వారు, దళితులూ ఉన్నారు. పంట పోతే ప్రాణం తీసుకునే రైతు మీద పది లక్షల భారం మోపితే ఎలా? ఈ ప్రశ్నను నేను తోసిపుచ్చను. దీనికి జవాబు కూలి చేతి ధర తగ్గించడం కాదు, బాధ్యతను బీమా మీదికి మార్చడం. రోడ్డు మీద తిరిగే వాహనానికి ఇతరులకు కలిగే నష్టానికి బీమా లేనిదే కదలనివ్వరు. కళ్లంలో తిరిగే డ్రమ్ముకు దాని దగ్గర పనిచేసే మనుషుల పేరిట బీమా ఎందుకు తప్పనిసరి కాకూడదు? మిషన్ యజమాని ఎకరాకు ఇంత అని అద్దె తీసుకుంటాడు. ఆ అద్దెలో బీమా సొమ్ము ఒక చిన్న భాగం అవుతుంది. చిన్న రైతు బతుకుతాడు, కూలి మనిషి హక్కు దక్కించుకుంటుంది, ఊళ్లో పగ కూడా తగ్గుతుంది.

మరొక జవాబు మా ఊళ్లోనే విన్నాను. "ఇప్పుడు పింఛను వస్తోందిగా?" అని. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు ఆరు వేలు. అది మంచి పని. కానీ పింఛను ప్రజల ఖజానా నుంచి వస్తుంది, అందరి పన్నులతో. మూత విప్పి పారేసినవారి బాధ్యతను ప్రజలు మోయడం సంక్షేమం పేరుతో నిర్లక్ష్యానికి రాయితీ ఇవ్వడమే. పింఛను పింఛనే, పరిహారం పరిహారమే.

ప్రభుత్వాలు చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అవయవం తెగిన గాయంతో వచ్చిన ప్రతి మనిషి వివరాలు ఆస్పత్రి నుంచి నేరుగా కార్మిక శాఖకు వెళ్లాలి. గాయం ఎలా అయిందో తీసుకొచ్చిన వారి నోట కాకుండా గాయపడిన మనిషి నోట రాయాలి. వేతన రుజువు లేని చోట కనీసం నైపుణ్యం గల కార్మికుల కనీస వేతనాన్ని ఆధారంగా తీసుకోవాలి. అవయవం పోయిన ప్రతి కేసులో, మురుగు కాల్వల తీర్పు చూపిన దారిలో, ఒక కనీస మొత్తం ఉండాలి. విచారణ జిల్లా కేంద్రంలో కాకుండా మండలంలో జరగాలి. కోర్టు ఊరికి రాలేదా అంటే, 1991 నాటి మారణకాండకు విచారణ జరిపిన ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. దళితులు పట్టుబట్టి సాధించుకుంటే వచ్చింది.

దళిత ఉద్యమానికి కూడా ఒక విన్నపం. కారంచేడు నుంచి చుండూరు దాకా మనం నేర్చుకున్న మొదటి పాఠం, ఊరి రాజీని ఒప్పుకోకపోవడం. ఆ పాఠాన్ని హత్యలకు, దాడులకు మాత్రమే వర్తింపజేశాం. మిషన్‌లో తెగిన చేతి దగ్గరికి వచ్చేసరికి మనమూ "ప్రమాదం" అన్న మాటను నమ్మేశాం. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టంలో ఉంది. మా చిన్నమ్మకు ఆ మూడు అర్హతలూ ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి చదువుకున్న నాకే ఏడాదిన్నర పట్టింది. ప్రతి వాడలో ఇద్దరు విద్యార్థులు ఈ రెండేళ్ల గడువు సంగతి, ఎనిమిదో సెక్షను సంగతి నోటికి నేర్చుకుంటే, స్టాంపు కాగితాల వ్యాపారం చాలా వరకు ఆగుతుంది.

నిరుడు ఉత్తర్వు వచ్చింది. 5,17,149 రూపాయలు, దాని మీద వడ్డీ. ఆసామి హైకోర్టుకు అప్పీలు వేశారు. మొత్తం జమ చేస్తేనే అప్పీలు తీసుకుంటారు గనుక డబ్బు కట్టారు. అది ప్రస్తుతం కమిషనర్ ఖాతాలో ఉంది. చిన్నమ్మ చేతికి ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో చెప్పలేను. అయితే మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పక్కింటివారు ఆమెను, "ఆసామి సాయం చేశాడా?" అని అడిగారు. "సాయం కాదమ్మా, నా చేతికి రావలసిన డబ్బు" అంది. అంతకు ముందు అయిదేళ్లలో ఆ మాట ఆమె నోట నేను వినలేదు.